14 అంగుళాల మెష్ స్నేర్: సెంటర్ కోనా, సైడ్ ట్రిగ్గరా, మూడు పియెజోలా?

కట్టెలు_రెండు

అందరికీ నమస్కారం. నా దగ్గర వాడకుండా పడి ఉన్న 14 అంగుళాల చెక్క స్నేర్ డ్రమ్ షెల్ (డ్రమ్ గుల్ల) ఒకటుంది. దానికి మెష్ హెడ్ (వల లాంటి పైపొర) వేసి, లోపల ట్రిగ్గర్ (దెబ్బను పసిగట్టే సెన్సర్) పెట్టి, ఎలక్ట్రానిక్ కిట్‌లో స్నేర్‌గా వాడుకోవాలని ఉంది. ఇప్పుడు వాడుతున్నది కిట్‌తో పాటు వచ్చిన 10 అంగుళాల మెష్ ప్యాడ్. మధ్యలో ఫోమ్ కోన్, దాని కింద పియెజో (అదురును ఓల్టేజీగా మార్చే చిన్న బిళ్ల).

నా బాధంతా ఆ మధ్య చోటుతోనే. సరిగ్గా కోన్ మీద పడిన దెబ్బ ఎంత మెల్లగా కొట్టినా గట్టిగా పలుకుతుంది. రెండు వేళ్ల దూరం జరిగితే మళ్లీ మామూలే. నేను ఎక్కువగా వాయించేవి ఘోస్ట్ నోట్లు నిండిన గ్రూవ్‌లు. ఎడమచేత్తో కట్టెను కొద్దిగా ఎత్తి వదిలే ఆ చిన్న దెబ్బల్లో ఒక్కటి కోన్ మీద పడినా యాక్సెంట్ అయిపోతుంది, గ్రూవ్ చెదిరిపోతుంది. మాడ్యూల్‌లో (సెన్సర్ సిగ్నల్‌ని శబ్దంగా మార్చే పెట్టె) సెన్సిటివిటీ తగ్గిస్తే ఆ దెబ్బ సర్దుకుంటుంది గానీ, అంచు దగ్గర ఘోస్ట్ నోట్లు అసలు వినపడవు. కర్వ్‌లు (దెబ్బ బలానికి శబ్దం ఎంత పెరగాలో చెప్పేవి) మార్చాను, త్రెషోల్డ్ (దెబ్బగా లెక్కించే కనీస సిగ్నల్) మార్చాను. ఒకచోట కుదిరితే ఇంకోచోట చెడుతోంది.

కొత్త షెల్‌కి మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, అడ్డంగా పట్టీ వేసి మధ్యలో మళ్లీ కోన్. రెండోది, అంచు దగ్గర ఒకే ఒక సైడ్ ట్రిగ్గర్. మూడోది, అంచు చుట్టూ మూడు పియెజోలు పెట్టి వాటిని ప్యారలల్‌గా కలపడం. నా మాడ్యూల్ స్నేర్ ఇన్‌పుట్ రెండు పియెజోలు తీసుకుంటుంది, ఒకటి హెడ్‌కి, ఒకటి రిమ్‌కి (హెడ్‌ని బిగించే అంచు చట్రం). పొజిషన్ సెన్సింగ్ (హెడ్ మీద ఎక్కడ కొట్టామో పసిగట్టి శబ్దం మార్చడం) కూడా ఉంది. నొక్కుడును పసిగట్టే ఎఫ్‌ఎస్‌ఆర్ అనే సెన్సర్లతో ఈ గొడవే ఉండదని ఎవరో అన్నారు, అదెంతవరకు నిజం? సొంతంగా కట్టినవాళ్లు, రెండు రకాలూ వాయించినవాళ్లు చెబితే బాగుంటుంది.

సైడ్_స్టిక్

నేను సైడ్ ట్రిగ్గర్ ఉన్న 12 అంగుళాల స్నేర్ వాడుతున్నాను. మీరు చెప్పిన మధ్య చోటు బాధ నాకు పూర్తిగా పోయింది. మధ్య భాగంలో ఎక్కడ కొట్టినా ఒకేలా పలుకుతుంది. సెన్సర్‌ని నాకు దూరంగా ఉన్న అంచు వైపు పెట్టాను కాబట్టి కట్టె దాని మీద పడే సందర్భమే రాదు. రిమ్‌షాట్ కొట్టేటప్పుడు కట్టె మొన మధ్యలో, నడుము నా వైపు రిమ్ మీద పడుతుంది, సెన్సర్ అటు చివర ఉంటుంది.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, నా వైపు అంచు దగ్గర మెల్లగా కొట్టినప్పుడు. ఆ దెబ్బలు బాగా సన్నగా వస్తాయి. అంచు నుంచి మధ్యకు జరుపుతూ రోల్ పెంచే అలవాటు ఉన్నవాళ్లకు ఇది మొదట ఇబ్బందే. పొజిషన్ సెన్సింగ్ మాత్రం మర్చిపోవాల్సిందే. అది కోన్ మధ్యలో ఉంటుందన్న లెక్క మీద చేసిన పని, సైడ్ ట్రిగ్గర్‌తో ఆన్ చేస్తే పిచ్చి పిచ్చిగా మారుతుంది. నేను ఆపేశాను.

మెష్_మేస్త్రి

తోటి డ్రమ్మర్ల కోసం ప్యాడ్లు కట్టడం, పాడైనవి బాగుచేయడం నాకు చాలాకాలంగా ఉన్న పని. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. హాట్ స్పాట్, అంటే మీరు చెప్పిన ఆ గట్టిగా పలికే చోటు, సెట్టింగులతో పోదు. దెబ్బ బలం లెక్కకట్టడానికి మాడ్యూల్ చూసేది పియెజో నుంచి వచ్చే ఓల్టేజీ ఒక్కటే. ఆ ఓల్టేజీ పెద్దగా ఉంటే గట్టిగా కొట్టారా, లేక మెల్లగానే కోన్ మీద కొట్టారా అన్నది దానికి తెలియదు. రెండూ దానికి ఒకే దెబ్బ. తెలియని తేడాను ఏ కర్వూ సరిచేయలేదు. సెన్సిటివిటీ తగ్గించడం, కర్వ్ వంచడం అన్నీ ఆ చోటును, మిగతా హెడ్‌ను కలిపి కిందికో పైకో జరుపుతాయి, అంతే. మీరు నాబ్‌లు తిప్పి తిప్పి విసిగిపోయింది అందుకే. కాబట్టి ఎంచుకోవాల్సింది హాట్ స్పాట్ ఉండాలా వద్దా అని కాదు, అది ఎక్కడ ఉండాలి అని. మీ కట్టె ఎక్కువగా ఎక్కడ పడుతుందో అక్కడ ఉండకూడదు.

మధ్యలో కోన్ పెట్టే పద్ధతి 1997లో రోలాండ్ టీడీ-10తో, రెమోతో కలిసి చేసిన మెష్ హెడ్లతో స్థిరపడింది. అంతకుముందు ప్యాడ్లతో పోలిస్తే అదెంత మేలో చెప్పాలి. 1981 నాటి సిమన్స్ ఎస్‌డీఎస్-5 షడ్భుజి ప్యాడ్ల పైభాగం గట్టి పాలికార్బొనేట్, మణికట్లు నొప్పులు పుట్టేవి. తర్వాత రబ్బరు ప్యాడ్లు వచ్చాయి. వాటిలో రబ్బరు కింద లోహపు పలక, దానికి అతికించిన పియెజో. పలక మొత్తం ఒక్కటిగా అదురుతుంది కాబట్టి ఎక్కడ కొట్టినా దాదాపు సమానంగా పలుకుతుంది. ఈ ఒక్క విషయంలో మామూలు రబ్బరు ప్యాడ్ ఖరీదైన మెష్ కంటే మెరుగు. కానీ ఆ అదురు ర్యాక్ గొట్టాల్లోకి కూడా పోయి పక్క ప్యాడ్‌ని మోగిస్తుంది. పైగా కట్టె తిరిగి లేచే తీరు మెష్‌తో పోల్చలేం.

కోన్ పద్ధతిలో కట్టె దెబ్బ రెండు దారుల్లో పియెజోను చేరుతుంది. దూరంగా కొట్టినప్పుడు మెష్ అల కోన్‌ని కదుపుతుంది. కోన్ మీదే కొట్టినప్పుడు అలతో పనిలేకుండా కట్టె నేరుగా ఫోమ్‌ని, ఫోమ్ పియెజోను నొక్కేస్తుంది. ఆ రెండోదే మీకు వినిపించే యాక్సెంట్. దీన్ని తగ్గించే మార్గాలు లేకపోలేదు. మెష్ ఒక పొరదైతే రెండు లేదా మూడు పొరలది వేయండి, దెబ్బ కోన్‌ని చేరేలోగా కాస్త పరుచుకుంటుంది. కోన్ కొన బేరింగ్ ఎడ్జ్ (హెడ్ ఆనే షెల్ అంచు) కంటే ఎంత పైకి ఉందో చూడండి. లైటు పక్క నుంచి వేస్తే హెడ్ మధ్యలో చిన్న గుబ్బ కనిపిస్తుంది. ఆ గుబ్బ మరీ పొడుచుకొచ్చినట్టుంటే ఫోమ్ ముందే నలిగి ఉంది, హాట్ స్పాట్ పెరుగుతుంది. మరీ దిగితే మెత్తటి దెబ్బల్లో మెష్ కోన్‌ని సరిగా తాకదు. గుబ్బ కంటికి కాస్త ఆనేంత ఉంటే చాలు. పాత ప్యాడ్లలో కోన్ కొన చదునై, ఫోమ్ చచ్చిపోయి ఉంటుంది. మీ 10 అంగుళాల ప్యాడ్ విప్పి ఒకసారి చూడండి, కోన్ మారిస్తేనే సగం బాధ తగ్గిపోవచ్చు.

టామ్‌లకైతే నేను ఇప్పటికీ కోనే పెడతాను. టామ్ మీద ఘోస్ట్ నోట్లు తక్కువ. గట్టి దెబ్బలన్నీ దాదాపు మధ్యకే వస్తాయి, వెలాసిటీ (దెబ్బ బలానికి మాడ్యూల్ ఇచ్చే అంకె) గరిష్ఠమైన 127కి చేరడం అక్కడ ఎవరినీ బాధించదు. స్నేర్ అలా కాదు. ఒకే చోట మెల్లని దెబ్బ, గట్టి దెబ్బ, రోల్, రిమ్‌షాట్ అన్నీ పడతాయి.

ఇక మీ 14 అంగుళాల షెల్. పెద్ద హెడ్‌లో ఇంకో లెక్క కలుస్తుంది. మెష్‌ని 150 హెర్ట్జ్ దగ్గర మోగేలా బిగించారనుకుందాం. ఆదర్శ పొర సూత్రం ప్రకారం ఆ బిగువులో అల సెకనుకు దాదాపు 70 మీటర్లు పోతుంది. అంచు నుంచి మధ్యకు 17.8 సెంటీమీటర్లు, అంటే సుమారు రెండున్నర మిల్లీసెకన్లు. అదే సైడ్ ట్రిగ్గర్ ఒకటే ఉండి, మీరు దానికి ఎదురు అంచున కొడితే 30 సెంటీమీటర్ల పైమాటే, నాలుగు మిల్లీసెకన్లు దాటుతుంది. ఒక్క దెబ్బకు అది తెలియదు. ఫ్లామ్ (రెండు కట్టెలూ వెంటవెంటనే పడే దెబ్బ) కొట్టినప్పుడు, ఒక కట్టె సెన్సర్ దగ్గర, ఇంకోటి దూరంగా పడితే రెండు దెబ్బల మధ్య ఎడం మారిపోతుంది. చేతికి అది వెంటనే తెలుస్తుంది. దాంతోపాటు దూరం పోయేకొద్దీ అల నీరసిస్తుంది, సైడ్_స్టిక్ గారు చెప్పిన సన్నని దెబ్బలు అవే. 12 అంగుళాల్లో భరించవచ్చు, 14లో నాకు నచ్చదు.

అందుకే నా ఓటు మూడు పియెజోలకి. అంచు నుంచి నాలుగైదు సెంటీమీటర్లు లోపలికి, ఒక్కోదాని మీద చిన్న ఫోమ్ దిమ్మ. అప్పుడు మధ్య నుంచి మూడింటికీ ఒకే దూరం, దాదాపు రెండు మిల్లీసెకన్లు. అంచున ఎక్కడ కొట్టినా ఏదో ఒక సెన్సర్ దగ్గరలోనే ఉంటుంది. పొజిషన్ సెన్సింగ్ పోతుంది, అది నిజమైన నష్టమే. మధ్య నుంచి అంచుకు జరుగుతుంటే శబ్దం సన్నబడటం వినడానికి చాలా బాగుంటుంది. ఆ సన్నబాటు మీకు ప్రాణమైతే కోన్‌తోనే ఉండి, రెండు పొరల మెష్‌తో సర్దుకోండి. ఘోస్ట్ నోట్లు ప్రాణమైతే మూడు పియెజోలు. మీరు రాసినదాన్ని బట్టి మీది రెండోదే అనిపించింది.

ఎఫ్‌ఎస్‌ఆర్ గురించి. అది ఓల్టేజీ పుట్టించదు. నొక్కితే దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, అంతే. అందువల్ల పక్క ప్యాడ్ అదురు దానికి పట్టదు, క్రాస్‌టాక్ చాలా తక్కువ. నొక్కి పట్టుకున్నదీ దానికి తెలుస్తుంది. డ్రమ్‌క్యాట్ లాంటి రబ్బరు పలకల మీద అది అద్భుతంగా పనిచేస్తుంది. కానీ కట్టె దాన్ని నేరుగా నొక్కాలి. మెష్ కింద గాలి తప్ప ఏమీ ఉండదు, నొక్కడానికి ఆధారం లేదు. పైగా మీ మాడ్యూల్ ఇన్‌పుట్ పియెజో కోసం చేసింది. ఈ షెల్‌కి ఆ ఆలోచన వదిలేయండి.

ఓల్టుమీటర్

మేస్త్రి గారి మాటలకు ఎలక్ట్రానిక్స్ వైపు నుంచి కొంచెం జోడిస్తాను, ఎందుకంటే మూడు పియెజోలు ప్యారలల్‌గా కలిపితే సిగ్నల్ మూడు రెట్లు అవుతుందని చాలామంది అనుకుంటారు. అవ్వదు. ప్రతి పియెజో ఒక కెపాసిటర్ కూడా. ఒకే సైజువి మూడు ప్యారలల్‌గా ఉన్నప్పుడు ఒక్కదాని మీదే దెబ్బ పడితే, అది పుట్టించిన చార్జ్ మిగతా రెండింటికీ పంచుకోబడి ఓల్టేజీ దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. మూడూ సమానంగా కదిలితే ఒక్కటి ఇచ్చే ఓల్టేజీయే వస్తుంది. అంటే మాడ్యూల్‌కి అందేది మూడింటి సగటు. ఈ పద్ధతి అందం అక్కడే ఉంది. ఒక సెన్సర్ పక్కనే కొడితే దాని మీది అధిక సిగ్నల్ మూడో వంతవుతుంది. మధ్యలో కొడితే మూడూ కలిసి పలుకుతాయి. సమానత్వం దానంతటదే వస్తుంది.

కానీ ఒక్క పియెజో తీగలు తిరగబడినా అంతా తారుమారు. మధ్యలో కొడితే రెండు కలిపేదాన్ని మూడోది తీసేస్తుంది, మిగిలేది మూడో వంతే. కట్టాక మధ్య దెబ్బ నీరసంగా, అంచు దెబ్బ బలంగా ఉంటే మొదట ఆ తీగలనే అనుమానించండి. ఇత్తడి బిళ్లలన్నీ ఒక వైపుకు, పింగాణీ మధ్యభాగాలన్నీ ఇంకో వైపుకు. మూడూ ఒకే సైజు, ఒకే సరుకులోవి అయితే మంచిది. 27 మిల్లీమీటర్లవీ 35వీ కలపొద్దు.

స్కాన్ టైమ్ కూడా మార్చాల్సి వస్తుంది. త్రెషోల్డ్ దాటిన క్షణం నుంచి ఎంతసేపు శిఖరం కోసం మాడ్యూల్ వెతకాలో చెప్పేది అదే. రోలాండ్ మాడ్యూళ్లలో అది 0 నుంచి 4 మిల్లీసెకన్ల వరకు ఉంటుంది. అల దగ్గరి సెన్సర్‌ని ముందు చేరి, మిగతావాటిని తర్వాత చేరుతుంది కదా. స్కాన్ 1 మిల్లీసెకను ఉంటే దగ్గరి సెన్సర్ మాట ఒక్కటే విని నోటు పంపేస్తుంది. 3 దగ్గర పెడితే మూడింటి మాటా వింటుంది. ఆ మేరకు ఆలస్యం పెరుగుతుంది కాబట్టి, అదే బలంతో కొట్టిన దెబ్బలు అదే వెలాసిటీ ఇచ్చే అతి తక్కువ విలువ దగ్గర ఆపండి. మాస్క్ టైమ్ కొంచెం పెంచాలి. ఆలస్యంగా వచ్చే అలలు ఇంకో దెబ్బగా నమోదు కాకుండా అది కాపాడుతుంది. మరీ పెంచితే డబుల్ స్ట్రోక్ రోల్‌లో నోట్లు రాలిపోతాయి.

రోలాండ్ వాళ్లు 2016లో టీడీ-50తో తెచ్చిన పీడీ-140డీఎస్ స్నేర్‌లో కూడా ఒకటికి మించిన సెన్సర్లే, కానీ సమాచారం డిజిటల్‌గా యూఎస్‌బీ తరహా కేబుల్‌లో పోతుంది. అందుకే అది కొట్టిన చోటు కూడా చెప్పగలదు. మన ప్యారలల్ పద్ధతిలో మూడు సిగ్నళ్లు ఒకే తీగలో కలిసిపోయాక వాటిని విడదీయడం కుదరదు. పొజిషన్ సెన్సింగ్ ఎందుకు పోతుందో దానికి కారణం ఇదే.

కట్టెలు_రెండు

మేస్త్రి గారూ, ఓల్టుమీటర్ గారూ, చాలా థాంక్స్. ఇన్ని నెలలుగా నాబ్‌లు తిప్పుతూ వెతుకుతున్నదానికి జవాబు దొరికింది. మీ మాట విన్నాక పాత ప్యాడ్ విప్పి చూశాను. కోన్ కొన నిజంగానే చదునైపోయి, ఒక వైపు వాలి ఉంది. దానికి కొత్త కోన్ వేసి టామ్‌గా వాడతాను.

షెల్‌కి మూడు పియెజోలే అని నిర్ణయించుకున్నాను. రెండు సందేహాలు. షెల్‌కి లగ్‌లు (హెడ్ బిగించే స్క్రూలు పట్టే దిమ్మలు) 10 ఉన్నాయి, మూడింటిని సమాన దూరంలో ఎలా పెట్టాలి? షెల్‌కి కొత్తగా చిల్లులు వేయడం ఇష్టం లేదు. రెండు, రిమ్ పియెజో ఎక్కడ పెట్టాలి? హెడ్ మీద గట్టిగా కొడితే రిమ్ శబ్దం వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

మెష్_మేస్త్రి

చిల్లులు అక్కర్లేదు. లోపలి వైపు లగ్ స్క్రూకే చిన్న ఎల్ ఆకారపు పట్టీ బిగించండి, దాని మీద పియెజో కూర్చుంటుంది. 6 లగ్‌ల షెల్‌లో లగ్ విడిచి లగ్ పెడితే మూడూ సమానంగా వస్తాయి. 8 లగ్‌లవాటికి నాలుగు పియెజోలు పెడతాను. 10కి మూడు సమానంగా రావు కాబట్టి మూడు లగ్‌లు, మూడు లగ్‌లు, నాలుగు లగ్‌ల దూరంలో పెట్టండి. ఆ నాలుగు లగ్‌ల వెడల్పు సందు మీకు దూరంగా ఉండే అంచు వైపుకు తిప్పండి. అటు మీ కట్టె దాదాపు పోదు. మీ వైపు రెండు సందులూ ఇరుకుగా ఉంటాయి, దెబ్బలు పడేదీ అక్కడే.

పట్టీకీ షెల్‌కీ మధ్య రబ్బరు వాషర్ తప్పనిసరి. మీ రెండో సందేహానికి సగం జవాబు అదే. రిమ్ కొట్టినప్పుడు అదిరేది షెల్. ఆ అదురు హెడ్ పియెజోలకు పట్టకుండా రబ్బరు ఆపాలి. రిమ్ పియెజో మాత్రం దానికి పూర్తిగా ఉల్టా, షెల్ లోపలి గోడకు గట్టిగా అతుక్కోవాలి. మెత్తటి ఫోమ్ టేప్ వాడితే రిమ్ చెవిటిదవుతుంది. పల్చని, గట్టిగా పట్టే టేప్ వాడండి. చోటు విషయానికొస్తే, క్రాస్ స్టిక్‌లో (కట్టెను హెడ్ మీద ఆనించి రిమ్‌ని తట్టడం) కట్టె ఏ వైపు రిమ్ మీద పడుతుందో ఆ వైపు గోడకు. క్రాస్ స్టిక్ దెబ్బే అన్నిటికంటే మెత్తన, అది పలికితే మిగతావి పలుకుతాయి.

హెడ్ మీద కొట్టినా షెల్ కొంత అదురుతుంది, రిమ్ మీద కొట్టినా మెష్ కొంత కదులుతుంది. దాన్ని ఎవరూ ఆపలేరు. మాడ్యూల్ రెండు సిగ్నళ్లలో ఏది ఎంత పెద్దదో పోల్చి చూసి నిర్ణయిస్తుంది. అందుకే రిమ్ గెయిన్ ముందు పూర్తిగా తగ్గించి, హెడ్ మీద మీరు కొట్టగలిగినంత గట్టిగా కొడుతూ మెల్లగా పెంచండి. రిమ్ శబ్దం తొంగిచూసిన చోటు నుంచి కాస్త వెనక్కి రండి.

సోల్డరింగ్ గురించి కూడా చెప్పాలి, నా దగ్గరికి వచ్చే చచ్చిన పియెజోల్లో ఎక్కువ భాగం అక్కడే దెబ్బతిన్నవి. మధ్యలో వెండి పూత చాలా పల్చన. ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే పూత ఊడిపోతుంది. తీగకు ముందే సోల్డర్ పట్టించి, బిళ్ల మీద ఒక్క తాకుడుతో అయిపోయేలా చూడండి. తీగ మీద లాగుడు పడకుండా పక్కనే గ్లూ చుక్క వేసి పట్టీకి అతికించండి.

ఓల్టుమీటర్

కట్టాక పరీక్షించే పద్ధతి ఒకటి చెబుతాను. కట్టె నడుమును రెండు వేళ్ల మధ్య వదులుగా పట్టి, మొనను ఒకే ఎత్తు నుంచి దానంతట అదే పడనివ్వండి. చేతి బలం కలవకూడదు. మీ వైపు అంచు నుంచి మధ్య మీదుగా ఎదురు అంచు దాకా రెండేసి సెంటీమీటర్లు జరుపుతూ, ప్రతి చోటా అయిదారుసార్లు వదిలి, మిడి వెలాసిటీ రాసుకోండి. కర్వ్ లీనియర్‌లో ఉండాలి, లేకపోతే ప్యాడ్ తేడాకు కర్వ్ తేడా కలిసిపోతుంది. ఒకచోట మాత్రం అంకెలు పైకి లేస్తే అక్కడి ఫోమ్ దిమ్మ ఎత్తు ఎక్కువ, పట్టీని కాస్త దించండి. ఒకే చోట అయిదు దెబ్బలూ అయిదు రకాలుగా వస్తే తప్పు పియెజోలది కాదు, స్కాన్ టైమ్ చాలలేదు.

కట్టెలు_రెండు

అర్థమైంది. పట్టీలు కోయడం మొదలుపెట్టాను. వెడల్పు సందు ఎటు రావాలో షెల్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను. పూర్తయ్యాక అంచు నుంచి అంచుకు వెలాసిటీ అంకెలు ఇక్కడే పెడతాను. పాత ప్యాడ్‌కి కొత్త కోన్ వేశాక దాని అంకెలు కూడా పక్కపక్కనే పెడతాను, 14 అంగుళాలు కట్టాలనుకునే ఇంకెవరికైనా పనికొస్తాయి.

సైడ్_స్టిక్

తప్పకుండా పెట్టండి. ఆ అంకెలు చూశాక నా 12 అంగుళాలకి కూడా ఇంకో రెండు పియెజోలు కలపాలా అన్నది తేల్చుకుంటాను. నాది 6 లగ్‌ల షెల్, మేస్త్రి గారు చెప్పినట్టు సమాన దూరాలు తేలిగ్గానే వస్తాయి.